గుర్రం ప్లేటు

సామ్రాజ్యం హోటల్లో కాఫీ బాగుండేదని ఎవరైనా అన్నారంటే వాళ్ళది చిలకలూరిపేట కాదని అర్థం. కాఫీ వేడిగా ఉండేది, అంతే. మేం పోయేది గ్రామఫోను కోసం. జిన్నింగు మిల్లు గేటుకు ఎదురుగా తాటాకు పందిరి, దాని కింద రెండు బల్లలు, లోపల గల్లాపెట్టె పక్కన ఎత్తు స్టూలు, ఆ స్టూలు మీద ఇత్తడి గొట్టం గ్రామఫోను. దాని మీద హోటలు యజమాని సామ్రాజ్యం తప్ప మరొకరు చెయ్యి వెయ్యకూడదు. కీ తిప్పేది ఆవిడే, ముల్లు మార్చేది ఆవిడే, పాట ప్లేటు అయిపోయాక దానికి ఎన్నణాలో చెప్పేదీ ఆవిడే.

అణాలంటే ధర కాదు, మార్కులు. వంక పెట్టడానికి లేని ప్లేటుకు పదహారణాలు. తాళం తప్పితే రెండణాలు తగ్గేవి, ముల్లు గీరితే అణా. నయాపైసలు వచ్చి ఊళ్ళో అణాలు మాయమైపోయాక కూడా సామ్రాజ్యం హోటల్లో ప్లేట్లను మాత్రం అణాల్లోనే తూచేవాళ్ళం. మిరపకాయల దళారీ చలమయ్య తన లెక్క చెప్పేవాడు, మిల్లులో కాటా గుమాస్తాగా ఉన్న నేను నా లెక్క చెప్పేవాణ్ణి, బల్లల మీది జనం తలా ఒక మాట అనేవాళ్ళు. అందరం అరిచి అలిసిపోయాక ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక్క ముక్కలో తేల్చి పారేసేది. ఆ తర్వాత ఎవరూ నోరు మెదపకూడదు. మెదిపితే ఆ పూట వాడి కాఫీలో పాలు తక్కువయ్యేవి.

ఆవిడ దృష్టిలో పదహారణాలకు తగిన బ్యాండు భూమ్మీద ఒక్కటే ఉంది. వేటపాలెం అలీ సాహెబ్ బ్యాండు. ఆ బ్యాండుకు ప్రాణం అలీ సాహెబ్ వాయించే క్లారినెట్టు. వాళ్ళవి నాలుగు ప్లేట్లు వచ్చాయి, నాలుగూ ఆవిడ దగ్గర ఉండేవి. అన్నిట్లోకీ మొదటి ప్లేటు రెండో వైపు ఆవిడకు పంచప్రాణాలు. మోహన రాగం. సన్నగా మొదలై, డ్రమ్ము అందుకోగానే గుర్రం మీద ఎవరో మనింటికి పరుగున వస్తున్నట్టు ఉండేది. మేం దానికి గుర్రం ప్లేటు అని పేరు పెట్టుకున్నాం. మిల్లు కూలీలు కూడా ఆ పేరుతోనే అడిగి వేయించుకునేవాళ్ళు.

పద్యాల ప్లేట్లంటే మాత్రం ఆవిడకు చిరాకు. ఎంత పేరున్న నటుడి పద్యమైనా ఆరణాలు దాటేది కాదు. "వీళ్ళకేం రోగం? రాజు వేషం వేసి పిల్లికూతలు కూస్తారేంటి?" అనేది. నిజం చెప్పాలంటే ఆ గ్రామఫోను మీద వింటే మాకూ అలాగే అనిపించేది. గొంతులన్నీ సన్నగా, ముక్కు నొక్కుకుని పాడినట్టు వినపడేవి. అందుకే మా హోటల్లో బ్యాండుదే రాజ్యం.

ఆ గ్రామఫోను ఆవిడ భర్త అంకారావు బాగుచేసింది. అంకారావు మా మిల్లులోనే ఫిట్టరు. ఊరొదిలి పోతున్న ఒక కాంట్రాక్టరు స్ప్రింగు విరిగిన పెట్టెను పారెయ్యబోతుంటే తెచ్చుకుని, మిల్లు తుక్కులో దొరికిన స్ప్రింగు వేశాడు. వేగం తగ్గించి పెంచే మర ఎప్పుడో ఊడిపోయింది. దాని బదులు ఇనప ముక్క అరగదీసి పెట్టి, కదలకుండా సీసం కరిగించి మాటు వేశాడు. "ఇక నీ జన్మలో చెడదు పో" అన్నాడట. చెడలేదు. ఆయనే రెండేళ్ళు తిరక్కుండా జ్వరంతో పోయాడు. ఆ దుఃఖం మీదే ఆవిడ హోటలు పెట్టింది. పొయ్యి కన్నా ముందు స్టూలు కొన్నది.

అలీ సాహెబ్‌ను ఆవిడ ఎన్నడూ కళ్ళతో చూడలేదు. హోటలు వదిలి ఊరేగింపుల వెంట ఏ ఆడమనిషి తిరుగుతుంది? నరసరావుపేట పెళ్ళిలో ఆయన్ని విని వచ్చిన చలమయ్య ఒకసారి, "అదేంటో సామ్రాజ్యం, అక్కడ కాస్త నిదానంగా వాయించాడు" అన్నాడు. ఆవిడ మొహం చిట్లించి, "ఊరేగింపులో పెళ్ళికొడుకు బండి ఎడ్ల నడకన పోతుంది. ఆయన మాత్రం పరిగెత్తి ఎక్కడికి పోతాడు? అసలు వాయింపు ప్లేటులోనే" అని కొట్టిపారేసింది. మాకు సబబుగానే తోచింది. అలా ఏళ్ళ తరబడి ఆవిడ మాటే పేటలో చివరి మాటగా నడిచింది.

అరవై ఒకటిలో మార్కు అని ఒకతను వచ్చాడు.

మిలిటరీలో మోటార్లు బాగుచేసి తిరిగొచ్చిన మనిషి. రోడ్డుకు అవతలి పక్క, సరిగ్గా ఆవిడ గల్లాపెట్టెకు ఎదురుగా సైకిలు షాపు పెట్టాడు. పెట్టినవాడు పంక్చర్లు వేసుకుని ఊరుకుంటే సరిపోయేది. షాపులో చెక్కపెట్టెలో బిగించిన కరెంటు గ్రామఫోను కూడా పెట్టాడు. కీ తిప్పే పని లేదు, గొట్టం లేదు. పైగా అతనూ అలీ సాహెబ్ అభిమానే. ఆవిడకున్న నాలుగు ప్లేట్లూ అతనికీ ఉన్నాయి, అవీ గీత పడకుండా, గుడ్డ సంచుల్లో.

మొదటి సాయంత్రం మా బల్లల మీద ఖాళీ కనపడింది. సామ్రాజ్యం గ్లాసులు కడుగుతూ ఆ ఖాళీ వంక, రోడ్డవతల గుంపు వంక మార్చి మార్చి చూసింది. మర్నాటి నుంచి గ్రామఫోను గొట్టం రోడ్డు వైపు తిరిగింది. పకోడీలో జీడిపప్పు పడింది. అంత వరకు జీడిపప్పు అనే పదార్థం ఆ హోటలు గడప తొక్కినట్టు నాకు గుర్తులేదు. కుళ్ళు మనిషి చేత ఎన్ని మంచి పనులు చేయిస్తుందో అప్పుడే చూశాను.

"కరెంటు పాటంట! వింటే చెవులకి షాకు కొట్టుద్ది, చూస్తా ఉండండి" అనేది. మార్కు షాపులో పాట మొదలవగానే ఆవిడ కీ చివరిదాకా తిప్పి గుర్రం ప్లేటు వేసేది. అతని పాట నిదానంగా, బరువుగా వచ్చేది. మధ్యలో ఆవిడ గుర్రం దాన్ని దాటి దూసుకుపోయేది. "విన్నారా? కరెంటు చాలక ఎట్టా ఈడస్తందో! ముసలెద్దు దుక్కి దున్నినట్టుంది" అని గట్టిగా, అవతలికి వినపడేలా నవ్వేది. నవ్వులో మాత్రం నవ్వు ఉండేది కాదు.

మార్కు అంటే ఆవిడకు కడుపుమంట అని అతనికి తెలియక కాదు. తెలిసే, ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. అది ఇంకా మండించేది. ఒకరోజు మద్రాసు నుంచి వచ్చే వారపత్రిక పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. అందులో కొత్త ప్లేట్ల మీద, పాత ప్లేట్ల మీద మార్కులు వేస్తూ రాసే విమర్శకుడు ఒకాయన ఉండేవాడు. ఆ వారం మన బ్యాండు వంతు వచ్చింది.

"అక్కా, మన సాహెబు గారి మొదటి ప్లేటు రెండో వైపుకి నూటికి తొంభై ఇచ్చాడు" అన్నాడు మార్కు సంతోషంగా. 'మన' అనేసరికే ఆవిడకు ఒళ్ళు మండింది.

"తొంభై ఎందుకు? ఆ పది ఎవడబ్బ సొత్తు?" అంది.

మార్కు చదివాడు. "ఈ వాయిద్యంలో తొందర లేదు. నిద్రపోతున్న బిడ్డ లేవకుండా ఊపే ఊయలలా గంభీరంగా సాగుతుంది."

సామ్రాజ్యం గరిటె కింద పెట్టింది. "ఊయలా? గుర్రం ప్లేటు ఊయలా? ఆయన చెవుల్లో మన మిల్లు దూదంతా కుక్కుకున్నాడా ఏంటి?"

"నా దగ్గర వింటే ఊయల్లాగే ఉంటదక్కా. ఒక్కసారి వచ్చి వినండి."

"నీ ఈడుపు మిషను దగ్గరికి నేను రావాలా? ఆయనా నీలాంటి మిషను మీదే విని ఉంటాడు. ఇద్దరికీ సరిపోయింది."

ఆ సాయంత్రమే నా చేత విమర్శకుడికి కార్డు రాయించింది. తొందర లేదని రాసిన మీకు తొందరగా చెవులు చూపించుకోవడం మంచిదని ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. జవాబు రాలేదు. కానీ ఆ ఊయల మాట మా బల్లల మీదకు ఎక్కింది. ఎవరిది అసలు వాయింపు? ఆవిడదా, అతనిదా? చలమయ్య ఆవిడ ముందు గుర్రమనీ, మార్కు ముందు ఊయలనీ అంటూ రెండు చోట్లా కాఫీ తాగేవాడు. ఆవిడకు అది తెలుసు. ఆవిడ చెప్పిన అణాలకు ఎదురుమాట లేని రోజులు పోతున్నాయి. అది ఆవిడ తట్టుకోలేకపోయింది. రాత్రింబవళ్ళు ఆ సైకిలు షాపే కళ్ళలో మెదులుతోందని నాతోనే అంది ఒకసారి. "ఆయన పోయినప్పుడు కూడా ఇంత నిద్ర పాడవలా" అంది.

మాఘమాసంలో పత్తి వర్తకుడి ఇంట పెళ్ళికి అలీ సాహెబ్ బ్యాండు కుదిరిందని తెలిసింది. ఊరేగింపు మా మిల్లు రోడ్డు మీదుగానే. మార్కు సాహెబు గారిని టీకి పిలుస్తున్నాడని చలమయ్య చెప్పగానే సామ్రాజ్యం అతన్నే బ్యాండు దిగిన విడిదికి తరిమింది. "ముందు నా పందిట్లో కాలు పెట్టాలి. ఆయన ప్లేటు ఈ ఊళ్ళో ముందు మోగింది నా దగ్గర" అంది. మార్కు అప్పటికే విడిదికి పోయి ఉన్నాడు. సాహెబు పెద్దమనిషి. ఊరేగింపుకు ముందు ఇద్దరి దగ్గరికీ వస్తానని కబురు పంపాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ పట్టుచీర కట్టి, గొట్టాన్ని చింతపండుతో తోమి కూర్చుంది. నిప్పులు చెరిగే యువకుడెవరో దిగుతాడనుకున్నట్టుంది. తీరా వచ్చింది తెల్లగడ్డం, వెలిసిపోయిన ఎర్రకోటు, నెమ్మదిగా నడిచే మనిషి. చంకలో క్లారినెట్టు పెట్టె, వెనక డ్రమ్ము వాయించే జాన్ బాషా. సాహెబు బల్ల మీద కూర్చుని కాఫీ తాగి బాగుందన్నాడు. చెప్పానుగా, పెద్దమనిషి.

మార్కు కూడా వచ్చి వినయంగా నిలబడ్డాడు. ఊరికే ఉంటే పరువుగా గడిచిపోయేదే. సామ్రాజ్యం ఊరుకోలేదు.

"సాహెబు గారూ, మీ వాయింపుని ఈ ఊళ్ళో ఒకళ్ళు పాడు చేస్తన్నారు. ఎవరో మీరే తేల్చాలి. మీ క్లారినెట్టు తీసి ఆ మిషనుతో కలిపి వాయించండి, నా మిషనుతో కలిపి వాయించండి. ఏది కలిస్తే అది మీరు. కలవంది దొంగది. దొంగదని తేలింది మళ్ళీ ఈ రోడ్డు మీద మోగకూడదు."

"అంత మాటెందుకక్కా" అన్నాడు మార్కు.

"భయమా?" అంది ఆవిడ.

సాహెబు నవ్వి లేచాడు. జనమంతా రోడ్డు దాటారు. ఆవిడ మాత్రం సైకిలు షాపు గుమ్మం ఎక్కకుండా, బయటే చేతులు కట్టుకుని నిలబడింది. మార్కు ప్లేటు వేశాడు. సాహెబు క్లారినెట్టు పీకను నాలుకతో తడిపి, నోట పెట్టుకున్నాడు. నిదానంగా, బరువుగా రాగం సాగింది. కాసేపటికి ఏది పెట్టెలోంచి వస్తోందో, ఏది మనిషి దగ్గర్నుంచి వస్తోందో పోల్చుకోలేకపోయాం. రెండూ ఒకటే అయిపోయాయి. నిజంగానే ఊయల. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ మొహంలో రక్తం లేదు.

"ఇక చాల్లే సామ్రాజ్యం. ఊరేగింపుకి టైమవుతోంది" అన్నాడు చలమయ్య మెల్లగా.

"నాదింకా వినందే ఎట్టా చాలుద్ది?" అని చరచరా రోడ్డు దాటి, కీ తిప్పింది. స్ప్రింగు తెగుతుందేమో అన్నంతగా తిప్పింది.

గుర్రం బయల్దేరింది. సాహెబు అందుకున్నాడు. మొదటి స్వరానికే రెండూ ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. ఆయనది కింద, ప్లేటుది పైన. చెవులు గీరుకుపోయే అపస్వరం. పందిట్లో ఎవడో కిసుక్కుమన్నాడు, ఆ వెనక అందరూ నవ్వారు. సాహెబు క్లారినెట్టు దించేసి, తల వంచి ప్లేటు చివరిదాకా విన్నాడు. మార్కు నవ్వలేదు.

"వేగం ఎక్కువ తిరుగుతోందక్కా. అందుకే శృతి పైకి పోయింది, పద్యాలు కూడా అందుకే పిల్లికూతల్లా వినపడతన్నయ్యి. లోపల ఆ మాటు తీసేసి మర పెడితే క్షణంలో సరిపోద్ది" అంటూ పెట్టె మీదికి వంగాడు.

"చెయ్యి తియ్!" అని అరిచింది ఆవిడ. ఆ అరుపుకి నవ్వులు ఆగిపోయాయి.

అంత మందిలో అలా నిలబడిపోయింది. ఆవిడ ఇన్నేళ్ళూ తేల్చిన అణాలన్నీ తప్పని తేలిపోయాయి. పద్యాలకిచ్చిన ఆరణాలూ తప్పే, విమర్శకుడికి రాసిన కార్డూ తప్పే. నాకే కళ్ళెత్తి చూడాలనిపించలేదు.

సాహెబు అడిగాడు. "ఎవరమ్మా దీన్ని బిగించింది?"

"మా ఆయన."

"పిలవండి, చూస్తాను."

"లేడు" అంది. "పోయాడు."

సాహెబు కోటు గుండీలు విప్పుకుని, "ఇంకోసారి వెయ్యండమ్మా" అన్నాడు.

ఆవిడ వేసింది. ఈసారి ఆయన వెంటనే అందుకోలేదు. వేళ్ళు చప్పుడు లేకుండా ఆడించి చూసుకున్నాడు. పైశృతి వెతుక్కుని ఒక్కసారిగా దూకాడు. తప్పాడు, మళ్ళీ పట్టుకున్నాడు. మెడ నరాలు పొంగాయి. జాన్ బాషా ఊరుకోలేక బల్ల మీద అరచేతులతో దరువు మొదలెట్టాడు. ఆ ముసలాయన ఆ గుర్రం వెంట పరిగెత్తాడు. చివరి చరణంలో దాన్ని అందుకుని, దానితో పాటే ఆగి, బల్ల మీద కూలబడి రొప్పాడు. ఎవరూ నవ్వలేదు. కుండలో నీళ్ళు ఆవిడే ముంచి ఇచ్చింది.

"అమ్మా, ఉన్నమాట చెప్పాలి" అన్నాడు నీళ్ళు తాగి. "ఆ షాపులో ఉన్నది నేను. ఇక్కడున్నది నేను కాదు. నా పడుచు రోజుల్లో కూడా నాకింత జోరు లేదు. ఈయనెవరో గానీ, ఈయన్ని చూస్తే నాకు కుళ్ళుగా ఉందమ్మా."

అని లేచి, పెట్టెకు ఒకసారి చెయ్యెత్తి దణ్ణం పెట్టి విడిదికి వెళ్ళిపోయాడు.

పొద్దు గూకాక ఊరేగింపు వచ్చింది. గ్యాసులైట్ల వెలుగులో సాహెబు బ్యాండును సరిగ్గా హోటలుకూ సైకిలు షాపుకూ మధ్య రోడ్డు మీద ఆపాడు. మోహన మొదలెట్టాడు, ఊయల నడకన. సామ్రాజ్యం పందిరి గుంజ పట్టుకుని నిలబడి మొదటిసారిగా ఆ పాటను అది పుట్టిన నడకలో విన్నది. పొయ్యి మీద పాలు పొంగి పోయినా కదల్లేదు. మార్కు వచ్చి ఆవిడకు కాస్త ఎడంగా నిలబడ్డాడు. పక్కనే నేనున్నాను.

బ్యాండు కదిలి మలుపు తిరిగింది. ఎన్నణాలని ఎవరూ అడగలేదు. ఆవిడే మార్కు వంక చూడకుండా, పళ్ళు కొరికినట్టు చెప్పింది.

"పదహారణాలు."

అది ఊయల నడకకేనని మార్కుకి అర్థమైంది. అంత మంటలోనూ ఆవిడ అబద్ధం చెప్పలేదు. అతను గెలిచినవాడిలా లేడు. హోటల్లోని స్టూలు వంక, దాని మీది పెట్టె వంక ఆశగా చూస్తున్నాడు. మధ్యాహ్నం నుంచీ అతని చూపు అక్కడే ఉంది.

"అక్కా" అన్నాడు నసుగుతూ. "నా మిషనుకి ఆ జోరు రాదు. ఏ మీట తిప్పినా రాదు. నా ప్లేట్లు అప్పుడప్పుడు తెచ్చుకుంటా, మీ దాని మీద వేస్తారా?"

సామ్రాజ్యం అతన్ని మొదటిసారి నిండుగా చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఎప్పటి మనిషే అయిపోయింది.

"తెచ్చుకో. కానీ ఆ మాటు మీద చెయ్యేశావంటే వేళ్ళు విరుస్తా" అంది. "ఆ పరుగు మా ఆయనది. నీకు లేదని ఏడువు."